అటక మీది వీడియో గేమ్



ముప్పై ఏళ్ల కిందట కలర్ టీవీ కొన్న ఇళ్లలో కొన్నిటికి దాని వెంటే ఒక వీడియో గేమ్ కూడా వచ్చింది. చిన్న ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకి, పైన గాడిలో గుచ్చే క్యాసెట్. మన ఖమ్మం జిల్లాలో పెనుబల్లి, వి.ఎం. బంజర, కల్లూరు, సత్తుపల్లి వైపు అవి ఇంకా మిగిలి ఉన్నాయంటే అటకల మీదే ఉండాలి. మిగలనివి పాత సామాన్లు కొనేవాళ్ల బండి ఎక్కి ఉంటాయి. అటక ఎక్కించేటప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పే కారణం ఒక్కటే: పాడైపోయింది. ఇవాళ్టి ప్రసంగం ఆ మాట మీదే. పాడైపోయాయని పక్కన పెట్టిన ఈ పెట్టెల్లో చాలావాటికి ప్రాణం ఉందనీ, వాటిలో నిజంగా చెడేవి కొద్దిపాటి డబ్బుతో దొరికే భాగాలేననీ, వాటిని నడిచే స్థితిలో ఉంచుకోవడం మామూలు ఇంటికి సాధ్యమయ్యే పనేననీ నా వాదన. ఇంకో మాట కూడా ఉంది. ఆ పని మనం చేయకపోతే మన తరఫున చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. ఎందుకు లేరో ముందు చెబుతాను.

క్యాసెట్ మారిస్తే ఆట మారే పద్ధతి 1976లో అమెరికాలో మొదలైంది. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఆ ఏడాది ఛానెల్ ఎఫ్ అనే యంత్రాన్ని తెచ్చింది. దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. జనం పదే పదే గుచ్చి, పీకే వస్తువులో ఎలక్ట్రానిక్ అతుకు ఎలా నిలబడుతుందన్న చిక్కు ఆనాడే ఎదురైంది. ఈనాటికీ ఈ యంత్రాలకు వచ్చే జబ్బుల్లో మొదటిది అదే. తర్వాత 1983 జూలై 15న జపాన్‌లో నింటెండో కంపెనీ ఫ్యామికామ్‌ను విడుదల చేసింది. ప్రపంచంలో ఆరు కోట్లకు పైగా అమ్ముడైన యంత్రం అది. మనదాకా వచ్చింది మాత్రం అసలుది కాదు. తైవాన్, హాంకాంగ్, చైనా కర్మాగారాలు దాని పనితీరును దాదాపు అచ్చంగా దించి లెక్కలేనన్ని నకళ్లు చేశాయి. రష్యాలో అవి డెండీ అయ్యాయి, పోలండ్‌లో పెగాసస్ అయ్యాయి. మన బజార్లలో లిటిల్ మాస్టర్, మైక్రో జీనియస్, టెర్మినేటర్ లాంటి పేర్లతో దొరికాయి. సెగా యంత్రాలను తొంభైలలో షా వాలెస్ కంపెనీ మన దేశంలో అధికారికంగానే అమ్మింది కానీ, మారియో, కాంట్రా, డక్ హంట్ ఆటలు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 60 పిన్నుల గాడి ఉన్న ఈ నకలు పెట్టే.

అసలు ఫ్యామికామ్‌కు ఒక యజమాని ఉన్నాడు. 2003లో తయారీ ఆపేసిన తర్వాత కూడా నింటెండో 2007 అక్టోబర్ 31 దాకా జపాన్‌లో దానికి మరమ్మతులు చేసింది, విడిభాగాలు అయిపోయాకే ఆపింది. అంటే ఆ యంత్రం పుట్టిన తర్వాత 24 ఏళ్లు దాన్ని బాగుచేసే కంపెనీ ఉంది. మన పెట్టెకు అలాంటి రోజు ఒక్కటీ లేదు. దాని అట్టపెట్టె మీద ఉన్న పేరు వెనక ఏ కర్మాగారం ఉందో అమ్మిన దుకాణదారుకే తెలియదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక అధ్యయనం ప్రకటించింది. ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో దొరకవని అందులో తేలింది. అది అధికారికంగా విడుదలై, పేరూ ఊరూ నమోదైన ఆటల పరిస్థితి. మన 9999 ఇన్ 1 క్యాసెట్ ఆ లెక్కలోకే రాదు. నాకు తెలిసినంతలో అది గ్రంథాలయంలో లేదు, మ్యూజియంలో లేదు, ఏ కంపెనీ గోదాములోనూ లేదు. ఆ వస్తువు ఉన్నదల్లా ఇళ్లలోనే.

ఇక యంత్రం సంగతికి వద్దాం. దీని లోపల కదిలే భాగాలు లేవు. మోటారు లేదు, తిరిగే పళ్లెం లేదు, ఫ్యాను కూడా లేదు. ఒక ప్రాసెసర్, బొమ్మలు గీసే ఇంకో చిప్పు, రెండు మూడు మెమరీ చిప్పులు, కరెంటును 5 వోల్టులకు తెచ్చే ఒక రెగ్యులేటర్. అంతే. తర్వాతి కాలపు నకళ్లలో ఈ చిప్పులన్నీ కలిపి నల్లటి లక్క ముద్ద కింద ఒకే చిప్పుగా పెట్టారు. ఆట మొత్తం క్యాసెట్‌లోని చిప్పులో ఉంటుంది. ప్రాసెసర్ ఆ చిప్పును 60 పిన్నుల గాడి ద్వారా నేరుగా, సెకనుకు లక్షల సార్లు చదువుతుంది. మధ్యలో తప్పు పట్టే ఏర్పాటు గానీ, సరిదిద్దే ఏర్పాటు గానీ లేవు. ఒక్క పిన్ను సరిగా ఆనకపోతే చదివిన అంకె తప్పుతుంది, ఆట నిలిచిపోతుంది. ఇంట్లోవాళ్లకు అది పాడైపోయిన మిషన్‌లా కనిపిస్తుంది. నిజానికి లోపల ఏదీ కాలలేదు, పగలలేదు. ఒక రాగి రేకు మీద పలచటి చిలుం పొర ఏర్పడింది, అంతే.

పిన్నుల పంపకం తెలిస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఈ యంత్రంలో ఆట నియమాలను చదివే దారి వేరు, బొమ్మలను చదివే దారి వేరు. రెండూ గాడిలో వేర్వేరు పిన్నుల మీదుగా వెళ్తాయి. అందుకే తెర ఒకే రంగులో మొండిగా నిలబడి, సంగీతం కూడా రాకపోతే ప్రాసెసర్ వైపు పిన్నులను అనుమానించాలి. సంగీతం సరిగా వస్తూ, మీట నొక్కితే మారియో దూకిన చప్పుడు కూడా వస్తూ, తెర మీద మాత్రం బొమ్మల బదులు గీతలూ ముక్కలూ కనిపిస్తే బొమ్మల వైపు పిన్నులు ఆనడం లేదని అర్థం. రెండు క్యాసెట్లు మార్చి చూస్తే ఇంకొంత తేలుతుంది. ఒక క్యాసెట్‌తో నడిచి ఇంకో దానితో నడవకపోతే జబ్బు క్యాసెట్‌ది. ఏదీ నడవకపోతే గాడిని, అడాప్టర్‌ను చూడాలి. ఈ పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు, పది నిమిషాల ఓపిక చాలు. ఆ ఓపిక లేకే చాలా పెట్టెలు అటకెక్కాయని నా నమ్మకం.

ఓపిక స్థానంలో మనం చేసినది ఊదడం. క్యాసెట్ నడవకపోతే తీసి, నోటితో గట్టిగా ఊది, మళ్లీ గుచ్చడం ఖమ్మం నుంచి కాలిఫోర్నియా దాకా పిల్లలందరూ ఒకరు చెప్పకుండానే నేర్చుకున్న విద్య. ఊదగానే చాలాసార్లు నడిచేది కూడా. అయితే నడిపించింది ఊపిరి అనడానికి ఆధారం లేదు. తీసి మళ్లీ గుచ్చినప్పుడు రేకులు ఒకదానితో ఒకటి రాసుకుని చిలుం కొంచెం తొలగుతుంది, పిన్నులు కొత్త చోట ఆనుతాయి. ఊదకుండా తీసి పెట్టినా అదే ఫలితం రావాలి. ఊపిరి వల్ల వచ్చే నష్టం మాత్రం నిజం. నోటి తడిలో నీరు, లవణాలు ఉంటాయి. అవి రాగి మీద పడి ఎండితే చిలుం ఇంకా త్వరగా పడుతుంది. నింటెండో కూడా ఊదవద్దని తన వినియోగదారులకు చెప్పింది. మన ప్రాంతంలో ఈ హాని ఇంకొంచెం ఎక్కువ. శ్రావణ, భాద్రపదాల ముసురులో గాలిలోనే తడి ఉంటుంది. అసలు నింటెండో క్యాసెట్ల పిన్నులకు బంగారు పూత ఉండేది, చవక నకలు క్యాసెట్లలో చాలావాటికి ఆ పూత నామమాత్రం, కొన్నిటికి అసలు లేదు. రక్షణ తక్కువ ఉన్న వస్తువుకే తడి ఎక్కువ తగిలింది.

మరి ఎలా శుభ్రం చేయాలి? సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే మెకానిక్‌లు ఐపీఏ అని పిలిచే ద్రవం, 90 శాతానికి పైబడినది తీసుకోవాలి. మెత్తటి బ్రషుతో ముందు దుమ్ము దులపాలి. దూది పుల్లను ఐపీఏలో తడిపి పిన్నుల పొడవునా తుడవాలి, పుల్ల నల్లబడటం ఆగేదాకా పుల్లలు మార్చాలి. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. గాడి లోపలికి పుల్ల దూరదు కాబట్టి పలచటి అట్టముక్కకు నూలుగుడ్డ చుట్టి, ఐపీఏతో తడిపి నాలుగైదు సార్లు గుచ్చి తీయాలి. గరుకు కాగితం మాత్రం వద్దే వద్దు. పెన్సిల్ చెరిపే రబ్బరు కూడా తప్పనిసరైతే తప్ప వద్దు. రెండూ మెరుపు తెస్తాయి, ఆ మెరుపుతో పాటే పూత పోతుంది, పూత పోయిన రేకు నెలల్లో మళ్లీ నల్లబడుతుంది. పెట్రోలు, కిరోసిన్, పెయింటు థిన్నర్ ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి లేదా జిడ్డు మిగులుస్తాయి. కొబ్బరినూనె రాస్తే దుమ్మును పిలిచి కూర్చోబెట్టినట్టే.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెప్పొచ్చు. అసలు నింటెండో క్యాసెట్ల వెనక లేబుల్ మీదే బెంజీన్, థిన్నర్, ఆల్కహాల్ లాంటి వాటితో శుభ్రం చేయవద్దని ముద్రించారు కదా, మీరు ఆల్కహాల్ వాడమంటారేమిటి అని. ఆ హెచ్చరిక ఉన్న మాట నిజమే, దాన్ని దాటేయకూడదు. కానీ అది ఏ ద్రవం ఏదో తెలియని పిల్లలకు, తల్లిదండ్రులకు కలిపి రాసిన హెచ్చరికని నా ఉద్దేశం. సీసాలో ఏముందో చూడకుండా పోసేస్తే పెట్టె ప్లాస్టిక్, లేబుల్ సిరా చెడే మాట వాస్తవం. మనం తడుపుతున్నది పెట్టెను కాదు, పిన్నుల రేకులను మాత్రమే, అదీ పుల్ల చివరితో. ఐపీఏ త్వరగా ఆవిరైపోతుంది, ఏమీ మిగల్చదు. సర్క్యూట్ బోర్డులను శుభ్రం చేయడానికి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ దశాబ్దాలుగా వాడుతున్న ద్రవం అదే. కాబట్టి లేబుల్ మీద ఒక్క చుక్క పడకుండా వాడితే ఆ హెచ్చరిక ఉద్దేశం నెరవేరినట్టే.

శుభ్రం చేసినా నడవకపోతే చూడాల్సింది కరెంటు. నన్నడిగితే మన దగ్గర ఈ పెట్టెలను పిన్నుల కంటే ఎక్కువగా చంపింది అడాప్టరే. పెట్టెతో పాటు వచ్చిన పాత అడాప్టర్, అంటే ఎలిమినేటర్, లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్ ఉంటాయి. వోల్టేజిని కట్టడి చేసేది ఏదీ లేదు. గోడలో కరెంటు పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే అదీ తగ్గుతుంది. 9 వోల్టులు అని రాసి ఉన్నా బరువు పడనప్పుడు 12, 13 దాకా ఇస్తుంది. పెట్టె లోపలి రెగ్యులేటర్ తనకు వచ్చిన దానిలో 5 వోల్టులు బోర్డుకు ఇచ్చి మిగతాది వేడిగా వదిలేస్తుంది. 9 వస్తే 4 వోల్టుల వేడి, 13 వస్తే 8 వోల్టుల వేడి, అంటే సరిగ్గా రెట్టింపు. ఇంకోవైపు, ఆ రెగ్యులేటర్‌కు పని చేయడానికి కనీసం 7 వోల్టులు కావాలి. పొలాల్లో మోటార్లన్నీ ఒకేసారి నడిచి ఊళ్లో లో వోల్టేజి వచ్చినప్పుడు పాత ఎలిమినేటర్ ఆ 7 కూడా ఇవ్వలేదు. ఆట మధ్యలో తెర తెల్లబోతుంది, మొదటికొస్తుంది. క్యాసెట్ చెడిందనుకుని మనం మళ్లీ ఊదుతాం. 100 నుంచి 240 వోల్టుల దాకా ఇన్‌పుట్ అని రాసి ఉన్న ఈకాలపు అడాప్టర్‌ను, అంతే అవుట్‌పుట్ వోల్టేజి ఉన్నదాన్ని పెడితే ఈ రెండు బాధలూ పోతాయి. ఆ పరిధిలో గోడలో ఎంత వచ్చినా అది ఇచ్చేది మారదు.

అయితే ఇంట్లో ఏదో పాత రౌటర్ అడాప్టర్ ఉంది కదా అని దూర్చేయడం పెద్ద ప్రమాదం. ఫ్యామికామ్ అడాప్టర్ 10 వోల్టులు, దాని పిన్నులో నెగెటివ్ లోపల, పాజిటివ్ బయట. సెగా మెగా డ్రైవ్ మొదటి రకానిది కూడా అంతే. ఇవాళ దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం దీనికి తిరగబడి ఉంటాయి, పాజిటివ్ లోపల. పిన్ను చక్కగా పడుతుంది, లైటు వెలగదు, ఒక్క క్షణంలో చిప్పు పోవచ్చు. తిరగబడిన కరెంటును ఆపే డయోడ్ చవక నకళ్లన్నిటిలో ఉంటుందని నమ్మలేం. పెట్టె వెనక, అడాప్టర్ మీద చిన్న వృత్తంతో గీసిన గుర్తు ఉంటుంది, రెండూ సరిపోవాలి. గుర్తు చెరిగిపోతే మల్టీమీటర్ ఉన్న మెకానిక్ దగ్గర చూపించుకున్నాకే పెట్టాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు తెచ్చిచ్చే యంత్రాలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అక్కడి గోడ కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి అసలు నింటెండో అడాప్టర్‌ను నేరుగా మన ప్లగ్గులో పెడితే అది అక్కడికక్కడే కాలిపోతుంది. పైగా అది 9 వోల్టుల ఏసీ ఇచ్చే రకం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దాన్ని కాపాడుకున్నా, పొరపాటున జపాన్ ఫ్యామికామ్‌కు తగిలిస్తే ఆ పెట్టె చస్తుంది.

మూడో శత్రువు వేడి. దీని గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే వేడి విషయంలో మన జిల్లాలు తెలుగు నేలలోనే ముందు వరుసలో ఉంటాయి. బోర్డు మీద కనిపించే చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లు ఊళ్లోని నీళ్ల ట్యాంకు చేసే పనే చేస్తాయి. వచ్చే ధార ఎగుడుదిగుడుగా ఉన్నా వెళ్లే ధార నిలకడగా ఉంచుతాయి. వాటి లోపల ద్రవం ఉంటుంది, అది కాలంతో ఎండిపోతుంది. మామూలు రకం కెపాసిటర్‌కు తయారీదారులు చెప్పే ఆయుష్షు 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గేకొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. దీన్ని మన ఇంటికి అన్వయించి చూడండి. గదిలో 25 డిగ్రీలు, నడుస్తున్న పెట్టె లోపల ఇంకో 20 అనుకుంటే 45 డిగ్రీలు. అక్కడ ఆ కెపాసిటర్‌కు 32,000 గంటల ఆయుష్షు వస్తుంది. మే నెలలో గదిలోనే 45 ఉంటే లోపల 65 అవుతుంది, ఆయుష్షు 8,000 గంటలకు పడిపోతుంది. సరిగ్గా నాలుగో వంతు. ఎండాకాలం సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం, పెట్టె మీద గుడ్డ కప్పి మరీ ఆడిన ఆటల ఖరీదు అది. ఆడకుండా పెట్టినా రేకుల కప్పు కింది అటక అంతకంటే మేలేమీ కాదు. ఎండకు మాడే చోటు, వానాకాలం చెమ్మ పట్టే చోటు, బొద్దింకలు కాపురం పెట్టే చోటు ఒకటే అయింది.

కెపాసిటర్లు ఎండాయని ఎలా తెలుస్తుంది? బొమ్మ మీద అలలు పాకుతాయి, ఆట శబ్దంలో గుయ్‌మనే రొద కలుస్తుంది, వేడెక్కాక ఆట ఆగిపోతుంది. పైభాగం ఉబ్బిన గొట్టం గానీ, కింద జిగురులాంటి మరక గానీ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అదే విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజి ఉన్న 105 డిగ్రీల రకాన్ని కొత్తగా వేయించాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గానీ, ఏ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో గానీ అవి చాలా తక్కువ ధరకే దొరుకుతాయి. రేడియో, టీవీ బాగుచేసిన పాత మెకానిక్‌కు ఇది కొత్త పని కాదు. రిమోట్ మీటలు పట్టకపోవడం ఇంకా తేలిక. లోపల రబ్బరు కింది నల్లటి చుక్కలను, వాటి కింది బోర్డును మెత్తగా తుడిస్తే చాలావరకు తీరుతుంది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునే అసలు నింటెండో క్యాసెట్లు కొన్నిటిలో నాణెం ఆకారపు 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ఆట పోదు, దాచుకున్న స్థానం మాత్రమే పోతుంది. దాన్ని మార్చేటప్పుడు బ్యాటరీకే నేరుగా సోల్డరింగ్ ఐరన్ తగిలించకూడదు, వేడికి పగలొచ్చు. రేకులు అతికించి ఉన్న బ్యాటరీలు కూడా దొరుకుతాయి, వాటినే వాడాలి.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. అన్నీ బతకవు. లక్క ముద్ద కింది చిప్పే పోతే దాన్ని మార్చే దారి లేదు. ఇంకో పెట్టె నుంచి బోర్డు తెచ్చుకోవాల్సిందే. క్యాసెట్లలోనూ తేడా ఉంది. కర్మాగారంలో అచ్చుగా ముద్రించిన చిప్పులు ఎన్నో దశాబ్దాలు నిలుస్తాయి, తర్వాత కాలంలో విద్యుత్తుతో రాసిన చిప్పుల్లో ఆ రాత మెల్లగా జారిపోవచ్చు. కాబట్టి నా వాదన ప్రతి పెట్టెకూ వర్తిస్తుందని అనను. పిన్నులు, అడాప్టర్, కెపాసిటర్లు చూడకుండా ఏ పెట్టెనూ చచ్చిందని నిర్ణయించకూడదని మాత్రం గట్టిగా అంటాను.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. ఇంత శ్రమ ఎందుకు, ఈ ఆటలన్నీ సెల్‌ఫోన్‌లో ఎమ్యులేటర్, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాం, వేసుకుంటే రావా అని. ఆటలు వస్తాయి. మన పిల్లలు ఆడిన ఆట మాత్రం రాదు. ఇది మమకారంతో అంటున్న మాట కాదు, కొలిచి చూపగల తేడా. అమెరికా, జపాన్ టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీస్తాయి, మన పాల్ పద్ధతి టీవీలు 50 సార్లు. ఆ టీవీలకు తగ్గట్టు చేసిన నకలు పెట్టెల్లో ఆట ఆరో వంతు నిదానంగా నడిచింది. మారియో దూకు, కాంట్రా తూటా, వెనక సంగీతం అన్నీ ఆ నిదానంలోనే సాగాయి. ఇంకొకటి, చాలా నకలు చిప్పుల్లో శబ్దాన్ని పుట్టించే ఏర్పాటులో రెండు అమరికలు తారుమారయ్యాయి. అందుకే అదే పాట వాటిలో వేరే గొంతుతో వినిపిస్తుంది. ఎమ్యులేటర్ మామూలుగా వినిపించేది జపాన్ పిల్లలు విన్న గొంతు. మన ఊళ్లలో విన్న గొంతు ఈ పెట్టెల్లోనే ఉంది. 9999 ఆటలని రాసి, పట్టుమని కొన్ని ఆటలనే మళ్లీ మళ్లీ వేర్వేరు స్థాయిల నుంచి మొదలుపెట్టించే మెనూలూ, వాటి వెనక మోగే ఎక్కడిదో తెలియని పాటలూ ఏ కంపెనీ పునర్ముద్రణలోనూ రావు. ఎమ్యులేటర్ ఈ తేడాలను అనుకరించగలదు. అనుకరించాలంటే ముందు ఎవరో నడుస్తున్న పెట్టెను కొలవాలి, క్యాసెట్‌ను చదవాలి. రష్యా, పోలండ్ దేశాల ఔత్సాహికులు తమ డెండీ, పెగాసస్ పెట్టెల విషయంలో ఆ పని చేస్తున్నారు. నడిచే పెట్టె లేనిదే కొలతా లేదు, ఎమ్యులేటరూ లేదు.

అవి దొంగ నకళ్లు కదా, వాటిని కాపాడటం తప్పు కాదా అని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆటలు రాసినవాళ్లకు దక్కాల్సింది ఆ క్యాసెట్ల అమ్మకంలో దక్కలేదు. దాన్ని నేను సమర్థించను. కానీ ఎప్పుడో కొన్న వస్తువును ఇంట్లో బాగుచేసుకోవడం వేరు, కొత్త కాపీలు చేసి అమ్మడం వేరు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కూడా, కంప్యూటర్ ప్రోగ్రాం కాపీని చట్టబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి అది పోకుండా, చెడకుండా తాత్కాలిక రక్షణ కోసం మరో కాపీ ఉంచుకోవడాన్ని తప్పుగా చూడదు. ఆ వెసులుబాటు అసలు క్యాసెట్ కొన్నవాళ్లకు వర్తించినంత తేలిగ్గా నకలు క్యాసెట్‌కు వర్తించదు, నిజమే. అందుకే నేను కాపీలు చేయమనడం లేదు. యంత్రాన్ని, క్యాసెట్‌ను ఉన్నది ఉన్నట్టు నడిచేలా ఉంచమంటున్నాను. ఒక దేశంలో తరం మొత్తం కంప్యూటర్ లాంటి వస్తువును మొదటిసారి ఏ రూపంలో ముట్టుకుందో రేపు ఎవరైనా తెలుసుకోవాలంటే, ఆ రూపం అధికారికమా కాదా అన్నది చరిత్రకు అడ్డు కాకూడదు.

బాగుచేసేవాళ్లెక్కడ ఉన్నారు అన్నది చివరి అభ్యంతరం. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్‌ను తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, ఇతర ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో ఉన్నాయి. మంచి ప్రయత్నమే కానీ, అక్కడ సమాచారం ఇవ్వాల్సింది తయారుచేసిన కంపెనీ. కంపెనీయే లేని పెట్టెకు అది ఎలా ఉపయోగపడుతుంది? మనకు దిక్కు మన మండల కేంద్రాల్లోని మెకానిక్‌లే. ఒకప్పుడు టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసి ఇప్పుడు సెల్‌ఫోన్ తెరలు మారుస్తున్నవాళ్లు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఐపీఏ సీసా వాళ్ల బల్ల మీద ఉన్నాయి. ఈ పెట్టెలోని సర్క్యూట్ వాళ్లు రోజూ చూసే ఫోన్ బోర్డు కంటే ఎన్నో రెట్లు సులువు, భాగాలు కంటికి కనిపించేంత పెద్దవి. వాళ్లకు పని చెప్పేటప్పుడు గేమ్ పాడైంది అని కాకుండా, సంగీతం వస్తోంది బొమ్మ రావడం లేదు, వేడెక్కాక ఆగిపోతోంది అని జబ్బు లక్షణం చెప్పండి. సగం పని అక్కడే అవుతుంది. ఒక్క విషయంలో మాత్రం సొంతంగా చేయి పెట్టకండి. వీడియో గేమ్ లోపల ఉండేది మహా అయితే 13 వోల్టులు, దాన్ని విప్పి చూడొచ్చు. పాత గాజు టీవీ లోపల 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసినా చాలాసేపు నిలిచి ఉండొచ్చు.

ఆ పాత టీవీ మాత్రం పారేయకండి. డక్ హంట్ తుపాకి దాని మీద తప్ప పనిచేయదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి గడి మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ వెలుతురును ఆ క్షణంలోనే పట్టుకోవాలి. ఎల్‌ఈడీ టీవీలు బొమ్మను కొంచెం ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి గురి ఎప్పుడూ తప్పుతుంది. మిగతా ఆటలు కొత్త టీవీలో కూడా, ఏ.వి. వైరు పెట్టే చోటు ఉంటే, బాగానే నడుస్తాయి.

ఈ వారం అటక దించగలిగితే మొదట చేయాల్సింది ఆన్ చేయడం కాదు. పెట్టెను, క్యాసెట్‌ను స్క్రూలు తీసి బోర్డు రెండు వైపులా వెలుతురులో ఫోను కెమెరాతో ఫోటోలు తీయండి. చిప్పుల మీది అంకెలు, అట్టపెట్టె మీది పేరు, అడాప్టర్ మీది వోల్టులు, దాని పిన్ను గుర్తు స్పష్టంగా పడాలి. ఆ అంకెలే రేపు మెకానిక్‌కు విడిభాగం వెతకడానికి, ఆ పెట్టె ఏ వంశానిదో తేల్చడానికి ఆధారం. అడాప్టర్ మీద ఏ పెట్టెదో రాసి కాగితం అంటించండి. తుడిచి, ఆరబెట్టి, నడిచాక తిరిగి అటక ఎక్కించకుండా గోడ బీరువాలో, తడిని పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూతగట్టి డబ్బాలో ఉంచండి. కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. రెండు మూడు నెలలకోసారి, ఎండాకాలమైతే పొద్దున చల్లటి పూట, ఒక అరగంట నడపండి. కెపాసిటర్లకు అది మంచిది, పిన్నులు ఒకసారి రాసుకుంటాయి, జబ్బు ఏదైనా మొదలైతే ముదరకముందే కనిపిస్తుంది. క్యాసెట్ గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు మాత్రం స్విచ్ ఆపే ఉండాలి.